కోల్‌కతా అలీపూర్ జూను ఒక పూటలో నిదానంగా చూడటం ఎలా?

కోల్‌కతాలోని అలీపూర్ జూకు వెళ్లేవారిలో చాలామంది దాన్ని విక్టోరియా మెమోరియల్‌కూ కాళీఘాట్ అమ్మవారి దర్శనానికీ మధ్య మిగిలే గంటన్నరలో ముగించాలని చూస్తారు. ఆ గంటన్నరలో వారికి దక్కేది నిద్రపోతున్న పులి వీపు, రెయిలింగ్ ముందు తోపులాట, కాళ్ల నొప్పులు మాత్రమే. 1876లో మొదలైన ఈ జూ మన దేశంలో నేటికీ నడుస్తున్న పాత జూలలో ఒకటి. మనిషి జంతువును ఎలా చూశాడు, ఎలా ఉంచాడు, ఎక్కడ తప్పు చేశాడు, ఎక్కడ దిద్దుకున్నాడు అన్న కథ ఇక్కడ సుమారు 46 ఎకరాల్లో కళ్లకు కడుతుంది. హైదరాబాద్ నెహ్రూ జూలాజికల్ పార్కు 380 ఎకరాలు కాబట్టి అక్కడ పెద్దవారితో వెళ్తే బ్యాటరీ బండి ఎక్కక తప్పదు. అలీపూర్ జూను మాత్రం నడిచే చూడవచ్చు. అన్నీ చూసి తీరాలన్న పట్టుదలను గేటు బయటే వదిలి, ఎంచుకున్న ఐదారు ఎన్‌క్లోజర్ల దగ్గర తీరిగ్గా నిలబడాలని నిశ్చయించుకుంటే చాలు. ఆ పూటను ఎలా అమర్చుకోవాలో కింద వివరిస్తున్నాను.

రోజునూ వేళనూ ఎంచుకోవడం

ముందుగా క్యాలెండర్ చూసుకోండి. అలీపూర్ జూకు గురువారం సెలవు. హైదరాబాద్, విశాఖ జూలకు సోమవారం సెలవు కావడంతో మనవారు ఆ లెక్కలోనే ఉండి, గురువారం అక్కడికి వెళ్లి మూసిన గేటు చూసి వెనుదిరుగుతుంటారు. వారానికి ఒక రోజు సందర్శకులను అనుమతించకూడదన్నది దేశంలోని జూలన్నిటికీ వర్తించే నియమం. జంతువులకు జనం గోల లేని ఒక రోజు, సిబ్బందికి మరమ్మతులు చేసుకునే ఒక రోజు దొరకాలన్నది దాని ఉద్దేశం. మిగతా రోజుల్లో జూ సాధారణంగా ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకు తెరిచి ఉంటుంది. పండుగ రోజుల్లో ఈ వేళలూ సెలవులూ మారుతుంటాయి కాబట్టి బయలుదేరే ముందు రోజు జూ అధికారిక వెబ్‌సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి. టికెట్టు ధర కూడా అక్కడే తెలుస్తుంది. ఆన్‌లైన్‌లో కొనుక్కుంటే కౌంటర్ ముందు వరుసలో నిలబడే పని తప్పుతుంది.

నెలల విషయానికి వస్తే నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. కోల్‌కతా ఎండ మన ఎండకన్నా తీవ్రమైనదేమీ కాదు గానీ, అక్కడి ఉక్కపోత మన కోస్తావారికి కూడా కష్టంగానే ఉంటుంది. మే నెలలో మనకే కాదు, జంతువులకూ కదలబుద్ధి కాదు. అయితే చలికాలంలోనూ డిసెంబరు 25 నుంచి జనవరి 1 వరకు ఉన్న వారాన్ని వదిలేయండి. కుటుంబమంతా కలిసి చలికాలపు ఎండలో జూకు వెళ్లడం కోల్‌కతావారికి తరతరాల ఆనవాయితీ. క్రిస్మస్ నాడు, కొత్త సంవత్సరం నాడు అక్కడికి పదుల వేల మంది వస్తారు. ఆ ఉత్సాహాన్ని చూడాలనుకుంటే వెళ్లవచ్చు, కానీ జంతువులను చూడటానికి అది రోజు కాదు. జనవరి మధ్యలోనో ఫిబ్రవరిలోనో ఒక మంగళవారం లేదా బుధవారం పెట్టుకుంటే మీకు దారులు ఖాళీగా దొరుకుతాయి.

వేళ విషయంలో మాత్రం రాజీ పడకండి. గేటు తెరిచే సమయానికి అక్కడ ఉండండి. పెద్ద జంతువులు రాత్రిపూట లోపలి గదుల్లో ఉంటాయి. ఉదయం వాటిని బయటి ఆవరణలోకి వదులుతారు. బయటికి వచ్చిన పులి మొదటి గంటలో తన ఆవరణ అంచులన్నీ తిరిగి వాసన చూసుకుంటుంది, చెట్ల మొదళ్లకు మూత్రం చిమ్మి తన హద్దును కొత్తగా చాటుకుంటుంది. పదకొండు దాటాక వచ్చినవారికి నీడలో చాచుకున్న కాళ్లు మాత్రమే కనిపిస్తాయి. సాయంత్రం జంతువులను మళ్లీ లోపలికి పిలుస్తారు కాబట్టి చివరి అరగంటలో కొన్ని ఆవరణలు ఖాళీగా ఉండవచ్చు.

చేరుకోవడం

మన రైళ్లలో కొన్ని హౌరాకు, కొన్ని షాలిమార్‌కు వెళ్తాయి. సికింద్రాబాద్ వైపు నుంచి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ హౌరాకు చేరుతుంది, చెన్నై వైపు నుంచి వచ్చే కోరమండల్ ఎక్స్‌ప్రెస్ షాలిమార్‌లో ఆగుతుంది. మీరు దిగే స్టేషన్ ఏదో టికెట్టుపై చూసుకోండి, ఎందుకంటే అక్కడి నుంచి దారులు వేరు. హౌరాలో దిగితే స్టేషన్ నుంచే మెట్రో ఉంది. 2024లో మొదలైన ఈ మార్గం హుగ్లీ నది అడుగు నుంచి వెళ్లి ఎస్ప్లనేడ్ చేరుతుంది. అక్కడ నీలి మార్గంలోకి మారి రవీంద్ర సదన్‌లో దిగి, ట్యాక్సీ పట్టుకుంటే జూ దగ్గరే. షాలిమార్‌లో దిగినవారు విద్యాసాగర్ సేతు మీదుగా ట్యాక్సీలో రావడం మేలు. వంతెన దిగి రేస్‌కోర్సు వైపు తిరిగితే అలీపూర్ ఎంతో దూరం ఉండదు. ట్యాక్సీ డ్రైవర్‌కు చిడియాఖానా అని చెబితే ఇంకేమీ వివరించనక్కర్లేదు.

సంచిలో ఏముండాలి, ఏముండకూడదు

స్టీలు సీసాలో నీళ్లు, టోపీ, బైనాక్యులర్ ఉంటే అది, పిల్లలు వెంట ఉంటే ఒక చిన్న నోటుపుస్తకం, పెన్సిలు పెట్టుకోండి. కాలికి అలవాటైన చెప్పులు వేసుకోండి. కొత్త బూట్లు ఆ రోజుకు వద్దు. ప్లాస్టిక్ సంచులు, చిప్స్ ప్యాకెట్లు, సిగరెట్లు, గుట్కా తీసుకెళ్లకండి. గేటు దగ్గర తనిఖీలో వాటిని ఆపుతారు, ఆపడం న్యాయం కూడా. జింక ఎన్‌క్లోజర్‌లోకి గాలికి కొట్టుకుపోయిన పల్చటి ప్లాస్టిక్ కవరు ఉప్పు రుచి తగిలితే జింక నోట్లోకి పోతుంది. అది కడుపులో అరగదు, బయటికీ రాదు. మన ఊళ్లలో ఆవులకు ఏమవుతున్నదో అక్కడ జింకలకూ అదే అవుతుంది. ఉదయం టిఫిన్ బయటే కడుపునిండా చేసి వెళ్తే లోపల తిండి గురించి ఆలోచించనక్కర్లేదు.

లోపలికి వెళ్లాక మొదటి పని

గేటు దాటగానే జంతువు కోసం పరుగెత్తకండి. ముందు మ్యాపు బోర్డు దగ్గర ఆగి దాన్ని ఫోనులో ఫొటో తీసుకోండి. పులులు, సింహాలు, ఖడ్గమృగం, జిరాఫీలు, నీటిగుర్రం, చింపాంజీ, పాముల విభాగం, కొలను ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తించి, అందులో మీకు కావలసిన ఐదారింటిని ఎంచుకోండి. ఎంపిక పిల్లలకు వదిలేస్తే ఇంకా మంచిది. తాము ఎంచుకున్న జంతువు ముందు వాళ్లు ఎక్కువసేపు ఓపికగా నిలబడతారు. దారిని ఒక్క సూత్రంతో గీసుకోండి: ఉదయం చల్లదనంలో చురుగ్గా ఉండే పులి, సింహం, జాగ్వార్ వంటి వాటిని ముందు, రోజంతా నములుతూ ఉండే జిరాఫీ, జింక, ఖడ్గమృగాలను తర్వాత, నీడపట్టున ఉండే పాముల విభాగాన్ని ఎండ ముదిరాక చూడండి. పాముల విభాగంలో పసుపు అనకొండల కోసం వెతకండి. 2019లో చెన్నై దగ్గరి మద్రాస్ క్రొకడైల్ బ్యాంక్ నుంచి ఇక్కడికి నాలుగు వచ్చాయి. జూల మధ్య ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడాలు డబ్బు లేకుండా, కేంద్ర జూ ప్రాధికార సంస్థ అనుమతితో జరుగుతాయి. విశాఖ జూకూ అలీపూర్ జూకూ మధ్య కూడా ఇటువంటి మార్పిడి జరిగింది.

ఎలా చూడాలి

ఒక ఎన్‌క్లోజర్ దగ్గర కనీసం పదిహేను నిమిషాలు నిలబడండి. మొదటి రెండు నిమిషాలు ఏమీ జరగనట్టు అనిపిస్తుంది. పిల్లలు చేయి లాగుతారు, పక్కనున్నవారు ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. మీరు కదలకండి. ఆ నిశ్చలతలోనే జంతువు తన పనిలోకి తిరిగి వెళ్తుంది, అప్పుడు అసలు చూడవలసినది మొదలవుతుంది.

జిరాఫీని ఉదాహరణగా తీసుకోండి. అందరూ దాని ఎత్తు చూసి వెళ్లిపోతారు. మీరు మెడ మధ్యభాగం మీద చూపు నిలపండి. జిరాఫీ కూడా మన ఆవులా నెమరువేసే జంతువు. అది దవడ ఆడించడం ఆపిన క్షణంలో, నమిలిన ముద్ద గొంతు గుండా కిందికి జారిపోవడం చర్మం కింద ఒక చిన్న ఉబ్బులా కనిపిస్తుంది. కొన్ని క్షణాలు ఏమీ ఉండదు. తర్వాత మెడ అడుగున మరో ఉబ్బు పుట్టి, ఆ పొడవైన మెడ వెంట పైకి ప్రయాణించి దవడల దగ్గర మాయమవుతుంది, వెంటనే దవడ మళ్లీ పక్కలకు తిరగడం మొదలవుతుంది. ఒకసారి దీన్ని గుర్తుపట్టిన పిల్లవాడు అక్కడి నుంచి రమ్మన్నా రాడు. ఆకు కోసం అది నాలుక చాపినప్పుడు ఆ నాలుక నలుపు కలిసిన ఊదారంగులో ఉండటం, దాదాపు అర మీటరు పొడవు సాగి కొమ్మను చుట్టి లాగడం కూడా చూడండి.

ఖడ్గమృగం దగ్గర దాని పైపెదవిని గమనించండి. మన దేశపు ఒంటికొమ్ము ఖడ్గమృగం ఆ పెదవి కొనను వేలులా వంచి గడ్డిపోచలను పట్టుకుంటుంది. అది పేడ వేసే చోటు ఒక్కటే ఉంటుంది. ఆవరణలో ఆ కుప్ప ఎక్కడుందో వెతకమని పిల్లలకు చెప్పండి. అడవిలో ఆ కుప్పలే ఒక ఖడ్గమృగం గురించి మరొకదానికి కబురు అందిస్తాయి. నీటిగుర్రం కొలను ముందు వాచీ చూసుకోండి. మునిగింది మళ్లీ పైకి రావడానికి ఒక్కోసారి నాలుగైదు నిమిషాలు పడుతుంది. పైకి రాగానే ముక్కుపుటాలు తెరుచుకుంటాయి, చెవులు గిరగిరా తిరిగి నీళ్లు విదిల్చుకుంటాయి. పులి వెనక్కి తిరిగినప్పుడు దాని చెవుల వెనకనున్న తెల్లటి మచ్చలను చూడండి.

ఇంకొక విషయం చెప్పక తప్పదు, ఇది నాకు మనసుకు దగ్గరి విషయం. కొన్నిసార్లు ఒక పులి కంచె వెంట అదే గీత మీద అటూ ఇటూ, మలుపు దగ్గర అదే అడుగుతో తిరుగుతూ కనిపిస్తుంది. ఏనుగు ఒకే చోట నిలబడి తలను ఎడమకూ కుడికీ ఊపుతూ ఉంటుంది. దాన్ని చూసి పులి షికారు చేస్తోందనీ ఏనుగు ఆడుతోందనీ పిల్లలకు చెప్పేవారు ఉన్నారు. అది ఆట కాదు. తిరగడానికి, వెతుక్కోవడానికి, దాక్కోవడానికి వీలు తగ్గిన జంతువులో పేరుకునే ఒత్తిడికి అది గుర్తు. జూల సిబ్బందికి ఇది తెలుసు. అందుకే తిండిని ఒకే చోట పెట్టకుండా చెదరగొట్టి దాచడం, మొద్దులు వేయడం, నీటి గుంటలు తవ్వడం, దాక్కోవడానికి పొదలు పెంచడం వంటి పనులు చేస్తారు. మీరు చూసే ఆవరణలో ఇవి ఉన్నాయా అని వెతకండి. పిల్లలకు నిజమే చెప్పండి, వాళ్లు అర్థం చేసుకోగలరు. జంతువు పొద చాటున దాక్కుని కనబడకపోతే దాన్ని టికెట్టు డబ్బులకు నష్టంగా లెక్కించకండి, దాక్కునే వీలు దానికి ఉండటం మంచి జూ లక్షణం.

పాత జూను పాత జూగా చూడటం

మధ్యలో ఎక్కడైనా కొలను గట్టున బెంచీ మీద కూర్చుని ఈ తోట ఎలా పుట్టిందో మీతో వచ్చినవారికి చెప్పండి. కలకత్తాకు జూ కావాలన్న ఆలోచన దశాబ్దాల పాటు కాగితాల మీదే ఉండిపోయింది. అంతకు ముందు గవర్నర్ జనరల్ వెల్లస్లీ 19వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో బారక్‌పూర్‌లోని తన విడిది తోటలో జంతువులను చేర్పించాడు గానీ అది నగర ప్రజల జూ కాదు. చివరకు కార్ల్ లూయీ ష్వెండ్లర్ అనే జర్మన్ విద్యుత్ నిపుణుడు తన సొంత జంతువులను ఇచ్చి పనిని ముందుకు తోశాడు, బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్ సర్ రిచర్డ్ టెంపుల్ స్థలం ఇప్పించాడు. దేశంలో పర్యటిస్తున్న వేల్స్ యువరాజు, అంటే తర్వాత ఏడవ ఎడ్వర్డ్ అయిన ఆయన, 1876 జనవరి 1న దీన్ని ప్రారంభించాడు. ఆ ఏడాది మే నెల నుంచి సామాన్యులను లోపలికి రానిచ్చారు.

కట్టడాలకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో పాత పేర్లే చెబుతాయి: బర్ద్వాన్ హౌస్, డుమ్రావ్ హౌస్, మల్లిక్ హౌస్, ఎజ్రా హౌస్, ముర్షిదాబాద్ హౌస్, సోన్‌బర్సా హౌస్, స్వర్ణమయి హౌస్. బెంగాల్, బిహార్ జమీందారులు, కాసింబజార్ మహారాణి స్వర్ణమయి, కలకత్తా యూదు వర్తకుడు ఎజ్రా, ఇలా ఒక్కొక్కరు ఒక్కో జంతుగృహానికి విరాళమిచ్చారు. మైమెన్‌సింగ్ రాజా సూర్యకాంత ఆచార్య పేరున పులుల బహిరంగ ఆవరణ ఏర్పడింది. పాత రోజుల్లో గుళ్లకూ సత్రాలకూ దాతల పేర్లు చెక్కించినట్టే ఇక్కడా జరిగింది. నడుస్తున్నప్పుడు గోడల మీద పాత శిలాఫలకాలు కనిపిస్తే ఆగి చదవండి. ఇనుప కమ్మీలున్న గదులకూ, కందకం అవతల చెట్లూ గడ్డీ ఉన్న ఆవరణలకూ ఉన్న తేడా చూడండి. జంతువు మనకు స్పష్టంగా కనిపిస్తే చాలుననుకున్న కాలంలో మొదటివి కట్టారు. దానికి తన చోటు కావాలని ఒప్పుకున్నాక రెండోవి వచ్చాయి. 1992లో కేంద్ర జూ ప్రాధికార సంస్థ ఏర్పడి ఆవరణలకు ప్రమాణాలు నిర్ణయించడంతో ఈ మార్పు అన్నిచోట్లా తప్పనిసరి అయింది.

ఈ తోటకు నిజమైన పేరు తెచ్చినవాడు రాంబ్రహ్మ సన్యాల్. జూ మొదలైన రోజుల్లోనే చిన్న ఉద్యోగంలో చేరి, దాని మొదటి భారతీయ సూపరింటెండెంట్ అయ్యాడు. ఏ జంతువు ఏం తింటోంది, ఎప్పుడు జబ్బు పడుతోంది, ఎప్పుడు ఎదకు వస్తోంది అని ఏళ్ల తరబడి రాసుకున్నాడు. ఆ పరిశీలనల ఆధారంగా 1892లో ఆయన వెలువరించిన జంతు సంరక్షణ గ్రంథం ఇతర దేశాల జూ నిర్వాహకులకు కూడా ఆధారమైంది. 1889లో ఇక్కడ సుమత్రా ఖడ్గమృగం ఈనింది. ఆ జాతి పిల్ల జూలో పుట్టి పెరగడం మళ్లీ 2001లో అమెరికాలోని సిన్సినాటి జూలో గానీ సాధ్యం కాలేదు. మధ్యలో 112 ఏళ్లు గడిచాయి. సుమత్రా ఖడ్గమృగాలు ఈ రోజు అడవుల్లో వందలోపే మిగిలాయని అంచనా. పెద్ద పరికరాలేవీ లేని రోజుల్లో ఒక మనిషి ఓపికగా చూసి, రాసి సాధించిన పని ఎంత విలువైనదో దీన్నిబట్టి తెలుస్తుంది. పిల్లల సంచిలో నోటుపుస్తకం పెట్టమన్నది అందుకే.

అద్వైత పేరు మీరు విని ఉండవచ్చు. అల్డాబ్రా జాతికి చెందిన ఈ పెద్ద తాబేలు బారక్‌పూర్ నుంచి ఇక్కడికి వచ్చి, 2006 మార్చిలో చనిపోయే వరకు ఇక్కడే ఉంది. రాబర్ట్ క్లైవ్ కాలం నాటిదనీ 250 ఏళ్లు దాటిందనీ జనం చెప్పుకునేవారు.

ఇక ఈ జూ గర్వంగా చూపించి, తర్వాత మానుకున్న పనులు కూడా ఉన్నాయి. 1970లలో ఇక్కడ పులినీ సింహాన్నీ కలిపి టైగాన్‌ను, ఆ టైగాన్‌కు మళ్లీ సింహంతో లిటిగాన్‌ను పుట్టించారు. 1979లో పుట్టిన క్యూబనకన్ అనే లిటిగాన్‌ను చూడటానికి జనం విరగబడ్డారు. అయితే అడవిలో చోటు లేని, జాతికి మేలు చేయని ఇలాంటి సంకరాల మీద విమర్శలు పెరిగి, 1985లో ప్రభుత్వం వాటిని నిలిపివేయించింది. తెల్లపులి ముందు నిలబడినప్పుడు కూడా ఈ సంగతి గుర్తుంచుకోండి. తెల్లపులి వేరే జాతి కాదు. అది మామూలు పులిలోనే అరుదైన రంగు. 1951లో నేటి మధ్యప్రదేశ్‌లోని రీవా అడవుల్లో దొరికిన మోహన్ అనే మగపులి సంతానం నుంచి జూలలోని తెల్లపులులు పెరిగాయి, 1963లో వాటిలో కొన్ని అలీపూర్‌కు వచ్చాయి. రంగు నిలవడం కోసం దగ్గరి రక్తసంబంధం ఉన్నవాటినే కలుపుతూ పోవడంతో వాటిలో మెల్లకన్ను వంటి లోపాలు కనిపిస్తాయి. చూడటానికి ఎంత అందంగా ఉన్నా, నా దృష్టిలో చెట్టునీడలో చారలు కలిసిపోయే మామూలు బెంగాల్ పులి దగ్గరే మీ సమయం ఎక్కువ గడపాలి.

కొలను వైపు చూస్తే చలికాలంలో నీటి మీద గుంపులుగా ఈలబాతులు కనిపించవచ్చు. ఒకప్పుడు వలస పక్షులకు ఈ కొలను పెద్ద ఆటపట్టు. చుట్టూ ఎత్తైన భవనాలు లేచి, రొద పెరిగి, నీరు చెడి వాటి రాక బాగా తగ్గింది. వచ్చిన వాటిని నిశ్శబ్దంగా చూడండి.

పెట్టకూడదు, తట్టకూడదు, దాటకూడదు

జంతువులకు తిండి పెట్టడం, వాటిని ఏడిపించడం, అరుపులతో కలవరపెట్టడం, చెత్త వేయడం వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 38జె కింద నేరం. చట్టం సంగతి పక్కనపెట్టినా తిండి పెట్టకూడదనడానికి కారణం స్పష్టంగా ఉంది. జింకలూ జిరాఫీలూ ఆకును పులియబెట్టి అరిగించుకునే కడుపుతో పుట్టాయి. బ్రెడ్డు, బిస్కట్టు, అన్నం ఆ కడుపులో వేగంగా పులిసి ఆమ్లం పెరుగుతుంది. ఎక్కువైతే జంతువు చనిపోతుంది. ఒక్క బిస్కట్టుకు ఏమవుతుందని మీరు అనుకోవచ్చు, కానీ ఆ రోజు అక్కడికి వచ్చిన వేల మందీ అదే అనుకుంటే ఏమవుతుందో ఊహించండి. గాజు వెనకనున్న పాము కదలడం లేదని గాజు మీద కొట్టకండి. ఆ అదురు దానికి శరీరమంతా తెలుస్తుంది. ఫ్లాష్ ఆపి ఫొటో తీయండి.

రెయిలింగ్ విషయంలో మాట దాటనివ్వకండి. 1996 జనవరి 1న మద్యం మత్తులో ఉన్న ఇద్దరు ఇక్కడ పులి ఆవరణలోకి దిగి పులికి పూలదండ వేయబోయారు. ఒకరు ప్రాణం పోగొట్టుకున్నారు. 2021లో మరొకరు సింహం ఆవరణలోకి దూకి గాయాలతో బయటపడ్డారు. ఇలాంటి సంఘటన జరిగితే మనిషితో పాటు తప్పేమీ చేయని జంతువుకూ ముప్పు వస్తుంది. చిన్నపిల్లలను రెయిలింగ్ మీద కూర్చోబెట్టి ఫొటో తీయడం, ఫోను పట్టుకున్న చేతిని కందకం మీదికి చాపడం ఎంతమాత్రం వద్దు. ఫోను లోపల పడిపోతే మీరు దిగకుండా దగ్గర్లోని యానిమల్ కీపర్‌కో గార్డుకో చెప్పండి.

కీపర్‌తో మాట్లాడే అవకాశం వస్తే వదులుకోకండి. ఆయన చేతిలో పని లేనప్పుడు, దాదా అని పిలిచి, హిందీలోనో వచ్చిన బెంగాలీలోనో ఈ జంతువు ఈ రోజు తిన్నదా, దీని పేరేమిటి, ఎవరి మాట వింటుంది అని అడగండి. తాము చూసుకునే జంతువు గురించి అడిగితే చాలామంది ఆనందంగా చెబుతారు. బోర్డు మీద దొరకని సంగతులు అక్కడే దొరుకుతాయి. దగ్గరికి తీసుకెళ్లమనీ తాకనివ్వమనీ మాత్రం అడగకండి, డబ్బు ఇవ్వజూపకండి.

పెద్దవారితో, చిన్నపిల్లలతో వెళ్లినప్పుడు

అత్తమామలనో అమ్మానాన్నలనో తీసుకెళ్తే వారిని మొత్తం తిప్పాలని చూడకండి. కొలను దగ్గర నీడలో కూర్చోబెట్టి, ఒక్కో ఎన్‌క్లోజర్‌కు వెళ్లి వస్తూ ఉండండి. మూడేళ్లలోపు పిల్లలకు రెండు గంటలకు మించి ఏ జూ అయినా అలసటే. వాళ్లకు పులికన్నా పావురం, ఉడుత ఎక్కువ నచ్చవచ్చు, నచ్చనివ్వండి. గుంపు ఎక్కువగా ఉన్న రోజున పిల్లల జేబులో మీ ఫోను నంబరు రాసిన చీటీ పెట్టి, తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో గేటు దగ్గరే చూపించండి.

బయటికి వచ్చాక

మధ్యాహ్నం ఒంటిగంటకల్లా మీరు ఎంచుకున్నవి పూర్తవుతాయి. ఓపిక ఉంటే రోడ్డుకు అవతల జూకు చెందిన ఆక్వేరియం ఉంది, తెరిచి ఉంటే ముప్పావుగంట చాలు. ఎదురుగా బెల్వెడేర్ ఎస్టేట్‌లో జాతీయ గ్రంథాలయం ఉంది. ఒకప్పటి లెఫ్టినెంట్ గవర్నర్ల నివాస భవనాన్ని చూడటానికైనా అటు వెళ్లవచ్చు. సుభాష్ చంద్రబోస్, నెహ్రూ వంటివారిని బంధించిన పాత అలీపూర్ జైలు 2022 నుంచి మ్యూజియంగా మారింది, అది కూడా దగ్గరే; అయితే దానికి సోమవారం సెలవు. ఈ మూడింటిలో ఒక్కదాన్నే ఎంచుకోండి.

జూ మీద మీకు మమకారం కలిగితే జంతువుల దత్తత పథకం గురించి కార్యాలయంలో అడగండి. చిన్న పక్షి నుంచి ఏనుగు వరకు ఏడాది పోషణ ఖర్చును బట్టి మొత్తం నిర్ణయిస్తారు. పిల్లల పుట్టినరోజుకు ఒక పక్షి పోషణ భరించడం చాలా కుటుంబాలకు అందుబాటులో ఉండే పని. హైదరాబాద్, విశాఖ, తిరుపతి జూలలో కూడా ఇటువంటి పథకాలు ఉన్నాయి కాబట్టి అక్కడ కుదరకపోతే ఇంటికి వచ్చాక మీకు దగ్గరి జూలో చేయవచ్చు. ఏ ఎన్‌క్లోజర్‌లోనైనా నీళ్లు లేకపోవడం, కంచె విరిగి ఉండటం, ఎవరైనా రాళ్లు వేయడం మీ కంట పడితే వెళ్లే ముందు జూ కార్యాలయంలో ఆవరణ పేరు, సమయం రాసి ఫిర్యాదు ఇవ్వండి. తిరుగు రైలు సాయంత్రమే ఉన్నవారు నాలుగు దాటకముందే బయలుదేరండి. జూ మూసే వేళకు అలీపూర్ రోడ్డులో ట్యాక్సీ దొరకడం కష్టం, హౌరా వైపు ట్రాఫిక్ కూడా అప్పుడే పెరుగుతుంది.